పాస్‌వర్డ్ మన చేతిలో లేని ల్యాబ్‌లో కంప్యూటర్ మాట్లాడాలంటే

ప్రశ్న: మేడమ్, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయికి పూర్తిగా చూపు లేదు. ఏడో తరగతి దాకా అంధుల పాఠశాలలో చదివి, ఇంటికి దగ్గరని మా స్కూల్లో చేరింది. ఇంట్లో వాళ్ల అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని చకచకా టైప్ చేస్తుంది. స్కూల్ ల్యాబ్‌లో మాత్రం ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అది మా హెచ్ఎం గారికి కూడా తెలియదు, కంప్యూటర్లు పెట్టిన ఏజెన్సీ దగ్గరే ఉందట. ఫోన్ చేస్తే "చూస్తాం మేడమ్" అంటారు, అంతే. ల్యాబ్ పీరియడ్‌లో అందరూ కంప్యూటర్ల ముందుంటే ఆ పిల్ల చేతులు కట్టుకుని కూర్చుంటోంది. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి యూట్యూబ్‌లో చూసి, బూటబుల్ పెన్‌డ్రైవ్‌తో పాస్‌వర్డ్ తీసేస్తానంటున్నాడు. చెయ్యనివ్వమంటారా?
— ఒక టీచర్, అనంతపురం జిల్లా

సమాధానం:

టీచర్ గారూ, మీ అబ్బాయి మనసు మంచిదే కానీ ఆ పని చెయ్యనివ్వకండి. ఎందుకో కింద చెబుతాను. అంతకంటే ముందు మీకు కావలసిన మాట: మీ పాప వచ్చే ల్యాబ్ పీరియడ్‌లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టొచ్చు. దానికి ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు, స్కూల్ కంప్యూటర్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు.

ఎన్‌వీడీఏని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అక్కడినుంచే నడపొచ్చు. దీన్ని పోర్టబుల్ కాపీ అంటారు. ఈ సాఫ్ట్‌వేర్‌ని 2006లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా ఆయన మైకేల్ కరన్‌కీ, తర్వాత తోడైన జేమ్స్ టెహ్‌కీ ఇద్దరికీ చూపు లేదు. మనది కాని కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి వచ్చినప్పుడు ఏం కావాలో వాళ్లకు తెలుసు, అందుకే ఈ వీలు ఎన్‌వీడీఏలోనే ఉంది. ఎవరో తయారుచేసిన దొడ్డిదారి కాదిది.

పెన్‌డ్రైవ్ తయారీ ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే కానివ్వండి, అదీ పాప చేతనే చేయించండి. ఎన్‌వీడీఏ నడుస్తుండగా ఇన్‌సర్ట్, ఎన్ కలిపి నొక్కితే దాని మెనూ వస్తుంది. అందులో టూల్స్ కింద 'క్రియేట్ పోర్టబుల్ కాపీ' ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఎన్‌వీడీఏ అని ఒక ఫోల్డర్ చూపించాలి. అక్కడే 'కాపీ కరెంట్ యూజర్ కాన్ఫిగరేషన్' అని ఒక టిక్ ఉంటుంది, అది తప్పకుండా పెట్టించండి. పాప ఇంట్లో అలవాటు పడిన గొంతు, వేగం, కీబోర్డ్ పద్ధతి అన్నీ దాంతోపాటు వస్తాయి. రోజూ వినేవాళ్లు ఎంత వేగంగా పెట్టుకుంటారంటే, పక్కన కూర్చున్న మనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ వేగం మారిపోతే వాళ్లకు ఇంకొకరి కళ్లజోడు పెట్టుకున్నట్టుంటుంది.

తెలుగు గొంతు కోసం విడిగా ఏదీ వెతకక్కర్లేదు. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్‌లో తెలుగు ఉంది. వినడానికి కాస్త యంత్రం మాట్లాడినట్టు ఉంటుంది, కానీ పెన్‌డ్రైవ్‌లోంచే పలుకుతుంది. విడిగా కొని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే తియ్యటి గొంతులకు మళ్లీ అదే పాస్‌వర్డ్ తగులుకుంటుంది. పిల్లలు ఈస్పీక్‌కి ఇట్టే అలవాటు పడతారు.

స్కూల్లో పెన్‌డ్రైవ్ పెట్టాక విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే 'రన్' పెట్టె వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ పేరు, చివర ఎన్‌వీడీఏ డాట్ ఈఎక్స్‌ఈ (E:\NVDA\nvda.exe ఇలా) టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు. పెన్‌డ్రైవ్ ఒక కంప్యూటర్‌లో 'ఈ' అయితే పక్కదాంట్లో 'ఎఫ్' కావచ్చు, ఒకటి పలకకపోతే ఇంకోటి కొట్టి చూడమనండి. ఇదంతా నిశ్శబ్దంలో చెయ్యాలి కదా అంటారేమో. విండోస్‌లో నేరేటర్ అని ఇంకో మాట్లాడే ప్రోగ్రామ్ ముందునుంచే ఉంటుంది. విండోస్ 10, 11లో కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే లేస్తుంది, మళ్లీ అవే నొక్కితే ఆగుతుంది. నేరేటర్‌ని లేపి, దాని సాయంతో ఎన్‌వీడీఏని లేపి, నేరేటర్‌ని ఆపెయ్యాలి. రెండుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది. మీరో, పక్క బెంచీ పిల్లో వచ్చి తెరిచి పెట్టాల్సిన పని లేకుండా ఆ అమ్మాయే మొదలుపెట్టుకోవాలి. ఈ ఒక్క దాని మీద మాత్రం పట్టుబట్టండి.

మీ ల్యాబ్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే ఒక జాగ్రత్త. కొత్త ఎన్‌వీడీఏ దాంట్లో నడవదు. 2023.3.4 దానికి సరిపోయే ఆఖరి వెర్షన్. ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉన్నది అంతకంటే కొత్తదైతే, దాన్నుంచి తీసిన కాపీ పనిచెయ్యదు. ఆ పాత వెర్షన్ ఫైల్‌ని, ఎన్‌వీడీఏ తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ వాళ్ల సైట్ నుంచే దించుకుని తెరిస్తే, మొదటి తెరలోనే పోర్టబుల్ కాపీ చేసుకునే బటన్ కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: ఆ కంప్యూటర్లో అసలు శబ్దం వస్తోందా? స్కూల్ ల్యాబుల్లో సౌండ్ డ్రైవర్ వెయ్యకుండా వదిలేసిన కంప్యూటర్లు నేను చాలా చూశాను. పాటలు వింటారనో, ఎవరూ అడగలేదనో అలా ఉండిపోతాయి. డ్రైవర్ వెయ్యాలంటే మళ్లీ పాస్‌వర్డ్. అలాంటప్పుడు యూఎస్‌బీ హెడ్‌సెట్ కొనండి. దాంట్లోనే సౌండ్ కార్డు ఉంటుంది, దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, గుచ్చగానే పలుకుతుంది. గుండ్రటి పిన్ను ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ మాత్రం ఆ కంప్యూటర్‌లో పలకదు.

ఇక పోర్టబుల్ కాపీ ఎక్కడ మొండిచెయ్యి చూపిస్తుందో చెప్పాలి. నేను చాలా ఏళ్లు ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ చూసుకున్నాను. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉండేది. బీఏ రెండో సంవత్సరం అబ్బాయి ఒకరు వచ్చి, ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చెయ్యండి మేడమ్ అని అడిగాడు. "ప్రిన్సిపాల్ గారి పర్మిషన్ తెచ్చుకో బాబూ" అన్నాను. అతను వెళ్లి ఎవరెవరినో అడిగాడు, ఎవరూ సరే అనలేదు, కాదనీ అనలేదు. చివరికి పెన్‌డ్రైవ్‌తోనే నెట్టుకొచ్చాడు. ఇంటర్నల్ పరీక్ష రోజు అందరూ టైప్ చేస్తున్నారు. ఇతను మాత్రం హెడ్‌ఫోన్ పిన్ను పీకి, చొక్కాకి తుడిచి, మళ్లీ పెడుతున్నాడు. మళ్లీ పీకుతున్నాడు. నేను దూరం నుంచి చూసి, పిన్ను లూజయిందేమో అనుకున్నాను. పది నిమిషాల తర్వాత దగ్గరికి వెళ్తే తెర మొత్తం మసకబారి ఉంది, మధ్యలో ఒక పెట్టె. ఏదో ప్రోగ్రామ్ అప్‌డేట్ చేసుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను 'నో' నొక్కాను. వెంటనే అతని చెవిలో మాట వచ్చింది. "మేడమ్, టైమ్ ఎంతైంది?" అని మాత్రం అడిగాడు. ఆ సాయంత్రమే ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాల కోసం ఒక సెమిస్టర్ మొత్తం అతన్ని తిప్పాను. అది నా తప్పే, ఇన్నేళ్లయినా మనసులోంచి పోలేదు.

అక్కడ జరిగింది ఇదీ. పాస్‌వర్డ్ అడిగేటప్పుడు విండోస్ ఆ పెట్టెని మామూలు తెర మీద కాకుండా, వేరే భద్రమైన తెర మీద చూపిస్తుంది. మామూలు ప్రోగ్రామ్ ఏదీ ఆ తెరలోకి తొంగిచూడలేదు. దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డ్ కాజెయ్యకుండా పెట్టిన కాపలా అది. ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి భద్రమైన చోట పద్ధతిగా ఇన్‌స్టాల్ అయి, డిజిటల్ సంతకం (ఎవరు తయారుచేశారో రుజువు చేసే ముద్ర) ఉన్న స్క్రీన్ రీడర్లకు మాత్రం లోపలికి అనుమతి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోంచి నడిచేదానికి ఉండదు. కాబట్టి మీ పాపకు ఈ ఒక్కటి ముందే చెప్పి ఉంచండి: పని మధ్యలో ఉన్నట్టుండి మాట ఆగిపోతే హెడ్‌ఫోన్ పీకక్కర్లేదు, ఒకసారి ఎస్కేప్ నొక్కాలి. అలాంటి పెట్టె ఏదైనా వచ్చి ఉంటే పోతుంది, మాట తిరిగొస్తుంది.

ఇదే కారణంతో కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వచ్చే సైన్ ఇన్ తెర దగ్గర కూడా పోర్టబుల్ కాపీ పలకదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడిచే ప్రోగ్రాముల్లోనూ మూగబోతుంది. వర్డ్, ఎక్సెల్, లిబ్రే ఆఫీస్, నోట్‌ప్యాడ్, బ్రౌజర్లు మామూలు హక్కులతోనే నడుస్తాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు. తొమ్మిదో తరగతి పనికి అవి చాలు.

పెన్‌డ్రైవ్ పెట్టాక కూడా నడవకపోతే, తెర మీద ఏం వచ్చిందో చదవండి. 'విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ' అంటే అది తెలియని ఫైల్ గురించిన హెచ్చరిక మాత్రమే. ఫైల్ సొంత సైట్ నుంచి దించుకున్నదే అయితే 'మోర్ ఇన్ఫో' నొక్కి ముందుకు వెళ్లొచ్చు. 'బ్లాక్డ్ బై యువర్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్' అని వస్తే కథ వేరు. అడ్మిన్ కావాలనే పెన్‌డ్రైవ్‌లోంచి ప్రోగ్రాములు నడవకుండా కట్టేశారన్నమాట. అక్కడ ఫైల్ పేరు మార్చో, వేరే ఫోల్డర్‌లో దాచో తప్పించుకునే ప్రయత్నాలు వద్దు, వాళ్లనే అడగాలి. అడిగేటప్పుడు ఒక మాట చెప్పండి: ఎన్‌వీడీఏ ఫైళ్ల మీద ఎన్‌వీ యాక్సెస్ సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంతకం ఉన్నవాటిని మాత్రమే నడవనిచ్చేలా ఒక రూల్ పెట్టొచ్చు. మిగతా కట్టుదిట్టం సడలించక్కర్లేదని తెలిస్తే అడ్మిన్‌కి టెన్షన్ తగ్గుతుంది. కొన్ని ల్యాబుల్లో కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే అన్నీ పాత స్థితికి వచ్చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అక్కడ డెస్క్‌టాప్ మీద కాపీ చేసుకున్న ఫోల్డర్ మర్నాటికి ఉండదు, పెన్‌డ్రైవ్‌లోది మాత్రం భద్రంగా ఉంటుంది. పాప రాసుకున్న ఫైళ్లు కూడా అందులోనే సేవ్ చేసుకోవడం నేర్పండి.

పెన్‌డ్రైవ్ అనగానే ల్యాబ్ చూసేవాళ్లు మొహం చిట్లిస్తారు. అది అన్యాయం కాదు. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఒక్కసారి పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో ల్యాబ్ అంతా షార్ట్‌కట్ వైరస్ పాకి, ఫోల్డర్లన్నీ మాయమై, రెండు రోజులు కూర్చుని బాగుచేసిన దాన్ని నేను. అందుకని ఈ పెన్‌డ్రైవ్‌ని దీనికి తప్ప దేనికీ వాడనివ్వకండి. దాన్ని ఇంటి ల్యాప్‌టాప్‌లో, స్కూల్ కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా గుచ్చకూడదు. ప్రింట్ కావాలంటే వేరేది. 4 జీబీది కూడా ఎక్కువే. అలాంటివి రెండు చేసి, ఒకటి మీ బీరువాలో ఉంచండి.

ఇంతవరకూ చెప్పింది రేపటి కోసం. కానీ పాప చదువు ఒక పెన్‌డ్రైవ్ మీద ఆధారపడి ఉండకూడదు. పద్ధతిగా ఇన్‌స్టాల్ చేయించే పని కూడా ఇవాళే మొదలుపెట్టండి. ఇక్కడ మీరు చేసిన చిన్న పొరపాటు, ఫోన్‌లో పాస్‌వర్డ్ అడగడం. పాస్‌వర్డ్ అడిగితే ఏ అడ్మిన్ అయినా వెనకాడతాడు, వెనకాడాలి కూడా. పాస్‌వర్డ్ అడగకండి, పని అడగండి. అదీ కాగితం మీద, హెచ్ఎం గారి సంతకంతో, తేదీతో. ఇలా రాయొచ్చు:

"మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న విద్యార్థినికి చూపు లేదు. ఆమె స్క్రీన్ రీడర్ లేకుండా కంప్యూటర్ వాడలేదు. ల్యాబ్‌లోని కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మీ సిబ్బందే వచ్చి ఇన్‌స్టాల్ చేయవలసిందిగా కోరుతున్నాం. సైన్ ఇన్ తెర దగ్గర కూడా అది పలికేలా అమర్చాలి. మాకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇవ్వనవసరం లేదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన ఏర్పాట్లు చేయడం మా బాధ్యత. ఏ తేదీన వస్తారో తెలియజేయగలరు."

ఉచితం అన్న మాట తీసెయ్యకండి. లైసెన్స్ ఎవరు కొనాలన్న దగ్గర ఇలాంటి ఫైళ్లు నెలల తరబడి ఆగిపోతాయి. ఎన్‌వీడీఏకి ఆ గొడవే లేదు, ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా పైసా కట్టక్కర్లేదు. చట్టం పేరు చూసి బెదిరిస్తున్నారనుకుంటారేమోనని మీరు మొహమాటపడతారని నాకు తెలుసు. పడకండి. ప్రభుత్వ నిధులతో నడిచే బడులన్నిటికీ ఆ సెక్షన్ వర్తిస్తుంది. మీరు అడుగుతున్నది ఉపకారం కాదు.

ఒక నకలు ఎంఈవో గారికి, ఇంకొకటి మీ మండలం భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీకి ఇవ్వండి. సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పనిచేసేది వాళ్లే. ఏజెన్సీకి మీ ఫోన్ కంటే వాళ్ల ఫోన్ బరువుగా వినిపిస్తుంది. ఒక్క కంప్యూటర్‌లో వేస్తామంటే సరే అనకండి. ఆ ఒక్కటీ మూల కంప్యూటర్ అవుతుంది, అది చెడిపోయిన రోజున పిల్ల మళ్లీ చేతులు కట్టుకుంటుంది. అన్నిట్లో వెయ్యమనండి, కనీసం రెండింటికి తగ్గకండి.

వాళ్లు వచ్చిన రోజు పాపని పక్కనే కూర్చోబెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సైన్ ఇన్ సమయంలో వాడాలా అని ఒక టిక్ అడుగుతుంది, పెట్టించండి. తర్వాత పాప తనకు కావలసిన గొంతు, వేగం అమర్చుకున్నాక, ఎన్‌వీడీఏ జనరల్ సెట్టింగుల్లో, సేవ్ చేసిన అమరికల్నే సైన్ ఇన్ తెర మీదా, భద్రమైన తెరల మీదా వాడమని చెప్పే బటన్ ఉంటుంది. దానికి పాస్‌వర్డ్ కావాలి కాబట్టి ఏజెన్సీ మనిషి వెళ్లిపోకముందే నొక్కించండి. అది మర్చిపోతే సైన్ ఇన్ తెర మాట్లాడుతుంది కానీ, పాప పెట్టుకున్న గొంతుతో, వేగంతో కాదు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. మనది కాని కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా దూరడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లాడికి ఆ మచ్చ ఎందుకు? అది ఒక కారణం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. యూట్యూబ్‌లో చూపించే ఆ చిట్కాల్లో బాగా ప్రచారంలో ఉన్న ఒకటి, సైన్ ఇన్ తెర మూలన ఉండే ఈజ్ ఆఫ్ యాక్సెస్ బటన్‌నే దొంగదారిగా మారుస్తుంది. చూపు లేనివాళ్లు నేరేటర్‌ని లేపుకోవడానికి పెట్టిన బటన్ అది. ల్యాబ్‌లో ఎవరో అలా చేసి దొరికిపోయారనుకోండి, అడ్మిన్ మొదట మూసేసేది ఆ బటన్‌నే. మీ పాప కోసం అని మొదలుపెట్టిన పని ఆమెకున్న ఒక్క తలుపునూ మూయిస్తుంది. మీ అబ్బాయికి ఇది నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటాడు. అతని చేతికి వేరే పని ఉంది.

మీ స్కూల్లో ప్రశ్నపత్రాలు, నోట్సు తెలుగులో అను ఫాంట్లతో టైప్ చేస్తున్నారా? చాలా బళ్లలో అంతే. అలా టైప్ చేసినది కంటికి తెలుగులా కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఎన్‌వీడీఏ వాటినే చదువుతుంది. 'త్రిభుజం' అని మీరు రాస్తే పాప చెవిలో అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు పడతాయి. స్క్రీన్ రీడర్ ఎంత బాగా పెట్టినా ఆ కాగితం ఆమెకు తెల్ల కాగితమే. పాప కోసం యూనికోడ్‌లో టైప్ చెయ్యాలి. ఫోన్‌లో వాట్సాప్‌కి మీరు టైప్ చేసే తెలుగు యూనికోడే. విండోస్‌లో కూడా తెలుగు కీబోర్డ్ ఉంది, మామూలు యూజర్ కూడా తన ఖాతాలో చేర్చుకోవచ్చు. ఇప్పటికే ఉన్న నోట్సుని అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి మార్చాక ఎవరో ఒకరు చదివి సరిచెయ్యాలి. ఈ పని మీ అబ్బాయికి అప్పగించండి. ఒక్కో సబ్జెక్టు నోట్సు మార్చి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తే పాపకు ఏడాదంతా పనికొస్తుంది.

శనివారం మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పాపని తీసుకెళ్లి ఒకసారి పెట్టి చూడండి. హెడ్‌సెట్, పెన్‌డ్రైవ్ రెండూ పాప చేతికే ఇచ్చి, మీరు కాస్త పక్కకు కూర్చోండి. ఎక్కడైనా ఆగిపోతే తెర మీద వచ్చిన మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసి, విండోస్ ఏదో కూడా చేర్చి నాకు పంపండి. దాన్నిబట్టి తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.